తెలుగు టెలివిజన్ వార్తా చానెళ్ల చరిత్ర: విశాఖపట్నం నుంచి ఒక పరిశీలన

పరిచయం

తెలుగు టీవీ వార్తల చరిత్రను సాధారణంగా హైదరాబాద్ నుంచి రాస్తారు. స్టూడియోలు, యాజమాన్యాలు, సంపాదకులు అక్కడే ఉండటం దీనికి కారణం. ఈ పాఠంలో మనం దానిని విశాఖపట్నం నుంచి, అంటే వార్తను తయారుచేసే చోటు నుంచి కాక వార్త జరిగే చోటు నుంచి, చూస్తాం. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న నగరం ఇది. తుపాను దారిలో ఉన్న నగరం కూడా. ఇలాంటి ఊళ్లో వార్త కాలక్షేపం కాదు. ఇంట్లో ఉండాలా, పిల్లలను తీసుకుని బయటికి పరుగెత్తాలా అన్నది కొన్నిసార్లు వార్త మీదే ఆధారపడుతుంది. కాబట్టి చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: చానెళ్లు పెరిగిన కొద్దీ, అవసరమైన రోజున ఈ ఊరి మనిషికి అవసరమైన సమాచారం అందిందా?

టెలివిజన్‌కు ముందు

1966 నవంబరు 1. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమం తీవ్రంగా ఉన్న రోజు. టి. అమృతరావు నిరాహార దీక్ష అక్టోబరు 15న మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. ఆ రోజు విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. నేను అప్పుడు ప్రాథమిక పాఠశాల విద్యార్థిని. మా వీధిలో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పెద్దలు గుమిగూడటం గుర్తుంది. విశాఖలో ఆకాశవాణి కేంద్రం 1963లోనే మొదలైంది. అయితే పక్క వీధిలో ఏం జరిగిందో రేడియో చెప్పేదాకా ఆగిన వాళ్లు తక్కువ. వార్త నోటిమాటగానే నడిచింది. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారన్నది మనం ఇప్పుడు ఒక్క వాక్యంలో చెప్పుకుంటున్నాం. ఆనాటి మనిషికి ఆ లెక్క ముక్కలు ముక్కలుగా, రోజుల తరబడి తెలిసింది.

పెద్ద తెలుగు పత్రికలు అప్పట్లో విజయవాడలో అచ్చయి విశాఖకు ఆలస్యంగా చేరేవి. 1974 ఆగస్టు 10న రామోజీరావు విశాఖపట్నం నుంచే 'ఈనాడు' ప్రారంభించడం ఈ నేపథ్యంలో చూడాలి. తెల్లవారేసరికి ఇంటి గుమ్మంలో పత్రిక ఉండటం కొత్త అలవాటు. 1980ల చివర్లో అదే పత్రిక జిల్లా అనుబంధాలు మొదలుపెట్టి మండల స్థాయి దాకా విలేకరులను పెట్టుకుంది. తర్వాతి కాలంలో తెలుగు టీవీ చానెళ్లకు ఊరూరా వార్తలు పంపిన వ్యవస్థకు నమూనా ఇదేనని గమనించండి.

దూరదర్శన్ కాలం

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. తెలుగు గ్రామానికి అది మొదట చేరింది వినోదంగా కాదు, ప్రయోగంగా. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువుకు సంబంధించిన కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది.

తెలుగు వార్తలకు మాత్రం మరికొన్నేళ్లు ఆగాల్సి వచ్చింది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు టీవీ వార్తలు చదివారు. చూసి చదువుకోవడానికి ఎదురుగా టెలిప్రాంప్టర్ లేని రోజులవి. పాఠాన్ని కంఠస్థం చేసి, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. అందుకే ఆ వార్తలకు ఒక నిదానం ఉండేది. 2024 ఏప్రిల్‌లో ఆయన మరణించినప్పుడు చాలామంది ఆ నిదానాన్నే తలుచుకున్నారు. ఆ కాలాన్ని మరీ పొగడటం కూడా సరికాదు. దూరదర్శన్ ప్రభుత్వ శాఖలో భాగం. మంత్రిగారి శంకుస్థాపన ముందు వచ్చేది, ప్రభుత్వాన్ని నిలదీసే వార్త చాలావరకు వచ్చేది కాదు. పైగా 1984 తర్వాత దేశమంతటా వేగంగా పెట్టిన చిన్న రిలే కేంద్రాలు తొలి దశలో ప్రధానంగా ఢిల్లీ కార్యక్రమాలనే అందించేవి. టీవీ కొన్న వెంటనే తెలుగు వార్త ఇంటికి వచ్చేసిందని అనుకోకండి.

కేబుల్, ఉపగ్రహం, కొత్త యజమానులు

1990ల మొదట్లో మేడల మీద పెద్ద డిష్ యాంటెన్నాలు వెలిశాయి. ఒక వ్యక్తి డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా వైర్లు లాగి, వంద ఇళ్లకు కనెక్షన్ ఇచ్చేవాడు. ఇంటింటికీ వచ్చి నెలనెలా డబ్బులు తీసుకునే 'కేబుల్ అబ్బాయి' అలా పుట్టాడు. చట్టం అతని వెనకాల వచ్చింది: కేబుల్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం 1995లో చేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల వివాదంలో తీర్పు ఇస్తూ, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. అవి ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండరాదన్నది దాని సారం.

1995లోనే జెమిని టీవీ, ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. రోజుకు కొన్ని బులెటిన్లు, మిగతా సమయం సినిమాలు, సీరియళ్లు. వార్తే రోజంతా నడవాలంటే రెండు మార్పులు అవసరమయ్యాయి. ఒకటి, 2000లో వచ్చిన అప్‌లింకింగ్ మార్గదర్శకాలు; వీటివల్ల చానెళ్లు మన దేశం నుంచే ఉపగ్రహానికి సంకేతాలు పంపడం సులువైంది. రెండోది, సంఘటన స్థలం నుంచి నేరుగా దృశ్యం పంపే వాహనాలు అందుబాటులోకి రావడం. 2003 డిసెంబరులో ఈటీవీ-2, 2004లో టీవీ9 వచ్చాయి. 2007లో ఎన్‌టీవీ, టీవీ5. 2009లో సాక్షి టీవీ, హెచ్ఎంటీవీ, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి. 2011లో టీ న్యూస్. 2012లో వీ6 చేరాయి.

ఇన్ని చానెళ్లు ఎందుకు? ప్రకటనల ఆదాయం ఒక్కటే దీనిని వివరించలేదు. 1983 ఎన్నికల్లో ఈనాడు తెలుగుదేశం పార్టీని బలపరిచింది. పత్రిక ఉంటే రాజకీయంలో ఎంత బలమో ఆనాడే అందరికీ అర్థమైంది. సాక్షి సంస్థలు వై.ఎస్. కుటుంబానివి. టీ న్యూస్ 2022 వరకు తెలంగాణ రాష్ట్ర సమితి పేరుతో ఉన్న పార్టీకి చెందినవారిది. ప్రేక్షకుడు కూడా దీనికి అలవాటుపడ్డాడు. మా వీధి టీ దుకాణంలో 'ఏ చానెల్లో చూశావు?' అన్నది, వార్త విన్న తర్వాత వచ్చే మొదటి ప్రశ్న.

చానెల్‌ను మూసివేయకుండానే కనబడకుండా చేయవచ్చని కూడా ఈ కాలంలో తెలిసింది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను నిలిపివేశారు. తర్వాతి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, ప్రభుత్వాలు మారినప్పుడల్లా, వేర్వేరు చానెళ్లకు ఇదే అనుభవం ఎదురైంది. ఏ పక్షం చానెల్ ఆగిందన్నది మారింది గాని, పద్ధతి మారలేదు.

మూడు ఉదయాలు

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. విశాఖ చరిత్రలో మూడు ఉదయాలను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది 1997 సెప్టెంబరు 14, ఆదివారం. హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో వంటగ్యాస్ లీకై పేలుడు సంభవించింది. దాదాపు అరవై మంది చనిపోయారు. మల్కాపురం, గాజువాక వైపు నుంచి వేలాది మంది మూటాముల్లె పట్టుకుని రోడ్ల మీదికి వచ్చారు. ఏ దారి సురక్షితమో చెప్పే 24 గంటల తెలుగు చానెల్ అప్పటికి లేదు. ఆకాశంలోని నల్లటి పొగే వార్త.

రెండోది 2014 అక్టోబరు 12, మళ్లీ ఆదివారమే. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. అప్పటికి తెలుగులో పదికి పైగా వార్తా చానెళ్లున్నాయి. తుపాను ముందురోజు దాకా అవి చేసిన హెచ్చరికలు నిజంగా ఉపయోగపడ్డాయి. కానీ గాలి మొదలయ్యాక కరెంటు పోయింది, సెల్‌ఫోన్ టవర్లు ఆగిపోయాయి, కైలాసగిరి మీది వాతావరణ రాడార్ కూడా దెబ్బతింది. హైదరాబాద్‌లోని బంధువులు మా ఊరి విధ్వంసాన్ని టీవీలో చూస్తున్నారు. మేము మాత్రం చూడలేకపోయాం. బ్యాటరీలు వేసిన పాత ట్రాన్సిస్టర్ ఒకటి మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు కుటుంబాలకు వార్తాలయమైంది.

మూడోది 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వ్యాపించింది. 12 మంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. స్థానికులు సెల్‌ఫోన్లతో తీసిన దృశ్యాలు కాసేపట్లోనే అన్ని చానెళ్లలో కనిపించాయి. వేగంలో ఇంతకు మించి కోరవలసింది లేదు. అయినా ఆ రాత్రి, గ్యాస్ మళ్లీ లీకైందన్న ప్రచారంతో జనం మరోసారి రోడ్ల మీదికి వచ్చారు. రెండో లీకేజీ లేదని పోలీసులు చెప్పవలసి వచ్చింది.

1997లో సమాచారం లేక జనం పరుగెత్తారు. 2020లో సమాచారం పొంగిపొర్లుతున్నా పరుగెత్తారు. లోపించింది ఈసారి దృశ్యం కాదు, నిర్ధారణ. నిర్ధారణ లేని వార్తకు తెలుగు టీవీ చరిత్రలో మరో ఉదాహరణ 2010 జనవరి 7. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి మరణించిన హెలికాప్టర్ ప్రమాదం వెనుక ఒక వ్యాపార సంస్థ ఉందంటూ, విదేశీ వెబ్‌సైట్‌లోని ఆధారంలేని కథనాన్ని ఒక చానెల్ ప్రసారం చేసింది, మరికొన్ని అందుకున్నాయి. ఆ రాత్రే రాష్ట్రంలో అనేకచోట్ల ఆ సంస్థ దుకాణాలపై దాడులు జరిగాయి.

సముద్రానికి ఆవల: థాయ్‌లాండ్ అనుభవం

మన తీరానికి ఆవలి దేశం ఒకటి ఇదే సమస్యను మరో విధంగా ఎదుర్కొంది. 1992 మేలో బ్యాంకాక్‌లో సైన్యం ప్రదర్శకులపై కాల్పులు జరిపినప్పుడు ప్రభుత్వ అదుపులోని టీవీ దానిని సరిగా చూపలేదు. స్వతంత్ర వార్తా చానెల్ కావాలన్న ఒత్తిడి నుంచి 1996లో ఐటీవీ పుట్టింది. కానీ 2000లో అది రాజకీయ నాయకుడు థక్సిన్ కుటుంబ సంస్థ చేతికి వెళ్లింది. ఆ జోక్యాన్ని ప్రతిఘటించిన పాత్రికేయులు ఉద్యోగాలు కోల్పోయారు. చివరికి 2008లో థాయ్ పీబీఎస్ అనే ప్రజా ప్రసార సంస్థ ఏర్పడింది. పొగాకు, మద్యం పన్నుల్లో కొంత భాగాన్ని చట్టమే దానికి కేటాయించింది. ప్రభుత్వం ఏటా దయతలచి ఇచ్చే గ్రాంటు మీద అది ఆధారపడనవసరం లేదు. మన ప్రసార భారతి చట్టం 1990లో చేసి 1997లో అమలులోకి తెచ్చినా, నిధుల కోసం ఇప్పటికీ ప్రభుత్వం వైపే చూడవలసి వస్తోంది. ఈ తేడాను గుర్తుంచుకోండి.

ఉక్కు నగరం, దూరపు స్టూడియో

2021 జనవరి 27న విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటాలను నూరు శాతం ఉపసంహరించడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కార్మికులు కూర్మన్నపాలెంలో రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. 1966తో పోలిస్తే ఈ ఉద్యమం రోజూ టీవీలో కనిపించింది. ఏ పార్టీ ఎవరిని మోసం చేసిందన్న చర్చలు గంటల కొద్దీ సాగాయి. సొంత ఇనుప గనులు లేకపోవడం వల్ల ఈ కర్మాగారానికి టన్నుకు ఎంత భారం పడుతోందన్న అసలు ప్రశ్నకు ఆ చర్చల్లో దక్కిన చోటు తక్కువ. 2014లో రాష్ట్రం విడిపోయినా చాలా చానెళ్ల ప్రధాన స్టూడియోలు హైదరాబాద్‌లోనే ఉండిపోయాయి. ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరంలో కూర్చుని, దీక్షా శిబిరం దగ్గరున్న విలేకరికి అర నిమిషం ఇస్తే, అతను చెప్పగలిగేది నినాదమే.

సారాంశం

తెలుగు టీవీ వార్త ప్రభుత్వ గుత్తాధిపత్యం నుంచి బయటపడింది. కానీ అక్కడి నుంచి నేరుగా ప్రజల చేతికి రాలేదు. యజమాని, పార్టీ, కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగా నడుస్తోంది. వేగం పెరిగినంతగా నిర్ధారణ పెరగలేదు. చరిత్ర విద్యార్థులుగా మీకు మరో కష్టం ఉంది. 1974 నాటి పత్రిక ఏదో ఒక గ్రంథాలయంలో దొరుకుతుంది. 2004 నాటి బులెటిన్‌ను ఏ గ్రంథాలయంలో అడుగుతారు? సామాన్యుడికి తలుపు తెరిచిన టీవీ వార్తల భాండాగారం మనకు లేదు. అందుచేత ఈ చరిత్రకు ప్రస్తుతానికి మీ ఇంట్లోని పెద్దల జ్ఞాపకాలే ముఖ్యమైన ఆధారాలు. వారు ఉండగానే అడిగి రాసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 24 గంటల తెలుగు వార్తా చానెళ్ల ఆవిర్భావానికి దోహదం చేసిన విధానపరమైన, సాంకేతిక మార్పులను వివరించండి.

2. 1997, 2014, 2020 విశాఖ సంఘటనల్లో ప్రజలకు సమాచారం అందిన తీరును పోల్చండి.

3. మీ ఊళ్లో జరిగిన ఒక ముఖ్య సంఘటన గురించి ముగ్గురు పెద్దలను అడగండి. వారికి ఆ వార్త మొదట ఎలా తెలిసిందో, అందులో తర్వాత ఎంత నిజమని తేలిందో ఒక పేజీలో రాయండి.