ఖూఫూ రాజు ఓడ



ఓడను జూచినవారు తెరచాపను మెచ్చుకొందురు, చుక్కానిని మెచ్చుకొందురు. దాని బలమెక్కడ నున్నదో కట్టిన వడ్రంగికే తెలియును. నీటిని లోనికి రానీయని పలకల కూర్పునందును, ఆ పలకలను లోపలనుండి పట్టి నిలుపు దూలముల కట్టునందును దాని ప్రాణమున్నది. ఓడ పూర్తియైన పిమ్మట ఏ కొయ్య ముందు బిగించిరో, ఏది వెనుక బిగించిరో చూచువారి కంటికి దొరకదు. ఆ క్రమమెరిగిన చేతులు గతించినచో విద్యయే గతించును. అట్లు గతించిన యొక విద్యను ఒక పనివాడు చిన్న నమూనా యోడను చేసి మరల సంపాదించిన చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను.

ఈజిప్టు దేశమున గిజా యనుచోట ఖూఫూ రాజు కట్టించిన మహాపిరమిడు కలదు. దాని వయస్సు ఇంచుమించు 4,500 సంవత్సరములు. 1954వ సంవత్సరమున దాని దక్షిణపు ప్రక్కను మట్టి తొలగించుచుండగా వరుసగా పేర్చిన పెద్ద రాతిబండలు బయల్పడినవి. కమాల్ ఎల్ మల్లాఖ్ అను పండితుడు బండకొక రంధ్రము చేయించి చూడగా, క్రింద రాతిలో తొలిచిన గొయ్యియు, ఆ గోతినిండ కొయ్యయు కానవచ్చెను.

అది రాజుగారి యోడ. అయినను ఓడ యాకారమున లేదు. గోతి పొడవు సుమారు 31 మీటర్లు. ఓడ పొడవు 43 మీటర్లకు పైమాట, అనగా మన లెక్కకు 142 అడుగులు. కావున పూర్వులు దానిని విప్పి, ముక్కలను 13 వరుసలుగా పేర్చి మూసిరి. ముక్కలన్నియు కలిసి 1,224. వానిలో జానెడైన లేని తునుకలున్నవి, 23 మీటర్ల పొడవు పలకలును ఉన్నవి. అందు అధికభాగము లెబనాను కొండలనుండి తెచ్చిన దేవదారు.

మన యూళ్లలో పాత యింటిని విప్పి దూలములను, వాసములను దొడ్డిలో పేర్చుట కలదు. కట్టిన వడ్రంగి జీవించియున్నంతకాలము ఆ యింటిని మరల నిలుపుట కష్టము కాదు. ఇచ్చటనో, కట్టినవారు పోయి నాలుగున్నర వేల యేండ్లు గడచినవి. వారు వ్రాసిపెట్టిన గ్రంథము లేదు, గీచిపెట్టిన పటము లేదు.

ఈ భారము అహ్మద్ యూసుఫ్ ముస్తఫా అను పనివానిపై బడెను. ఆయన ఈజిప్టు పురావస్తుశాఖలో శిథిలవస్తువులను బాగుచేయుటయందు పేరొందినవాడు. ఖూఫూ తల్లియైన హెటెఫెరెసు రాణి సమాధిలో దొరికిన సామగ్రిని చక్కజేసిన యనుభవము ఆయనకు గలదు. ఓడపని మాత్రము ఆయనకు క్రొత్త. అందుచే నైలునది యొడ్డున పడవలు కట్టు వడ్రంగుల చెంతకు బోయి, వారి పనిని కనిపెట్టి చూచెను. పూర్వపు సమాధుల గోడలపై పడవపనివారిని చెక్కిన శిల్పములను పరిశీలించెను.

అచ్చట ఆయనకొక చిక్కు తోచెను. నేటి పడవవారు మొదట అడుగున వెన్నెముకవంటి దూలమును పరచి, దానికి ప్రక్కటెముకలవలె వంకకొయ్యలను నిలిపి, వానిపై పలకలు కొట్టుదురు. ప్రాచీనుల త్రోవ దీనికి తలక్రిందులు. వారు మొదట పలకకు పలక చేర్చి దొప్పవలె ఓడగర్భమును తీర్చి, ఆ వెనుక లోపల వంకకొయ్యలను అమర్చిరి. కనుక నేటి వడ్రంగుల చేతివాటమొక్కటియే ఆయనకు దారి చూపజాలకపోయెను.

అసలు పలకలతో ప్రయత్నించి చూతమన్నను వీలు లేదు. అంత ప్రాచీనమైన దారువును వంచరాదు, చెక్కరాదు, పొరబాటున బిగించి మరల లాగరాదు. అందువలన ఆయన గోతిలోని ముక్కలను పోలిన చిన్న ముక్కలను పదవవంతు ప్రమాణమున చెక్కించి, వానిని కూర్చియు విప్పియు ఓడపద్ధతిని నేర్చుకొనెను. ఒక్క కొయ్యను చెక్కి ఓడయాకారము దీర్చిన బొమ్మకు బయటి రూపము మాత్రమే యుండును. పలక పలకయు వేరువేరుగ చేసిన నమూనా తప్పు కూర్చినచో కూడనని మొండికెత్తును. ఆ మొండితనమే గురువు.

పలకల కూర్పు ఎట్టిదో వినుడు. ఒక పలక యంచున తొర్ర తొలిచి కొయ్యబిళ్లను సగము దిగవేసి, మిగిలిన సగము పై పలక తొర్రలో దూరునట్లు చేసిరి. ఆ పిమ్మట త్రాళ్లతో ఓడను ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కవరకు అడ్డముగా కుట్టిరి. త్రాటి రంధ్రములు పలక లోపలి ముఖముననే వంకగా తిరిగి మరల లోపలికే వచ్చును, వెలుపలికి పొడవలేదు. కావున నీటికి అందుండి త్రోవ లేదు. నీట దింపగానే కొయ్య ఉబ్బును, త్రాడు బిగియును, అతుకులు మూసికొనును.

ఈ కుట్టుపని మన తూర్పుతీరమువారికి వింత గాదు. చెన్నపట్నమునకు రేవు కట్టకమునుపు ఓడలనుండి జనులను, సరకులను ఒడ్డు చేర్చిన మసూలా పడవలు కొబ్బరినార త్రాటితో పలకలను కుట్టి చేసినవే. వానిలో వంకకొయ్యలు లేవు. అల కొట్టినపుడు పడవ యొడలు సాగి లొంగును గాని విరుగదు. మనవారు పలకల యతుకుల వెంబడి కుట్టిరి. ఈజిప్టువారు ఓడకు అడ్డముగా కుట్టిరి. దేశములు వేరు, కాలములు వేరు. త్రాటిని నమ్మిన బుద్ధి యొక్కటే.

ఇక దూలముల కట్టు. అడుగు వంకకొయ్యలపై గుంజలు నిలిచినవి. గుంజలపై ఓడ మధ్యగా ముందునుండి వెనుకకు ఒక నిడుపాటి దూలము సాగినది. దానిమీద అడ్డదూలములు పడి, రెండు ప్రక్కల పలకలను కలిపి పట్టినవి. ఇంటి దూలము గోడలను ఒరగనీయనట్లు, ఇవి ఓడ ప్రక్కలను విచ్చుకొననీయవు, లోనికి క్రుంగనీయవు. వానిపై పరచిన పలకలమీదనే మనుష్యులు నడతురు.

నేను బడిలో చిరకాలము పద్యములు చెప్పినవాడను. పద్యమును పదములుగా విడదీయుట సులభము. అన్వయము కుదిరినగాని యర్థము రాదు. ఏ పదము దేనితో పొందునో చెప్పునది విభక్తి. ఈ యోడకును విభక్తులున్నవి! ప్రాచీన వడ్రంగులు పలకలపై నాలుగు విధములైన గురుతులు వ్రాసిరి. ముందు కుడి, ముందు ఎడమ, వెనుక కుడి, వెనుక ఎడమ యని ఆ గురుతులు పలక చోటును తెలుపును. తమ వెనుక ఎవరో ఒకరు దీనిని కూర్తురను తలంపుతో వ్రాసిన యా గీతలను నాలుగున్నర వేల యేండ్ల పిమ్మట అహ్మద్ యూసుఫ్ చదువుకొనెను.

అసలు యోడను పలుమార్లు కూర్చి, విప్పి, సరిదిద్ది, అనేక సంవత్సరముల శ్రమతో ఆయన నిలబెట్టెను. 1982లో గోతి ప్రక్కనే కట్టిన ప్రదర్శనశాలలో ప్రజలు దానిని చూడగల్గిరి. 2021వ సంవత్సరము ఆగస్టు నెలలో, ఈమారు విప్పకుండగనే, గిజాలోని క్రొత్త మహాప్రదర్శనశాలకు దానిని చేర్చిరి.

పెద్దలగు మీకు నా విన్నపమొక్కటి. మీ యూర పడవ గాని, బండి గాని, మగ్గము గాని కట్టనేర్చిన వృద్ధుడున్నచో, ఆయన చేత మూరెడు నమూనా నొకటి చేయించుడు. బొమ్మగా వలదు, ప్రతి ముక్కయు విప్పి మరల కూర్చుటకు వీలుగా చేయించుడు. ముక్క ముక్కకు గురుతు వ్రాయించి, కూర్చు క్రమమును ఒక పిల్లవానిచేత కాగితముపై నెక్కించి, రెండింటిని బడిలో భద్రపరుపుడు. ఖర్చు స్వల్పము. ఆ వృద్ధుని చేయి ఆడుచున్న నాడే ఆ పని కావలెను.