మనం ఎక్కడున్నామో ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

ఫోన్ మన లొకేషన్‌ని ఒకే దారిలో కనిపెట్టదు. ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ఒకటి మూసినా మిగిలినవి తెరిచే ఉంటాయి. నిజనిర్ధారణకు వెళ్లేవాళ్లు, బాధితులతో పనిచేసేవాళ్లు ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

జీపీఎస్: దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ స్థానాన్ని, సమయాన్ని ప్రసారం చేస్తూ ఉంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోన్ తన చోటును లెక్కగడుతుంది. ఆరుబయట తేడా సుమారు 5 మీటర్లే. ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు. ఈ లెక్కకు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఉంటే త్వరగా తేలుతుంది.

సెల్ టవర్: సిగ్నల్ అందుతున్న ఫోన్ ఏ ప్రాంతపు టవర్ల పరిధిలో ఉందో నెట్‌వర్క్ కంపెనీకి తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపినా ఇది ఆగదు. టవర్లు దూరదూరంగా ఉండే పల్లెల్లో తేడా కిలోమీటర్లలో ఉండొచ్చు.

వైఫై: చుట్టుపక్కల రౌటర్ల గుర్తింపు సంఖ్యలను గూగుల్, యాపిల్ వంటి కంపెనీల జాబితాలతో పోల్చి చోటు చెబుతారు. ఇళ్లు దగ్గరగా ఉండే పట్నాల్లో ఇది బాగా పనిచేస్తుంది.

ఐపీ అడ్రస్: అన్నింటికన్నా నమ్మదగనిది. అమెరికాలో మాక్స్‌మైండ్ అనే సంస్థ, చోటు తెలియని 60 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లకు దేశం నడిమధ్య ఒక బిందువును చూపించింది. అది కాన్సస్‌లోని ఒక పొలం. ఎవరో చేసిన నేరాలకు పోలీసులు ఆ ఇంటి తలుపు తట్టారు. 2016లో ఈ సంగతి బయటపడింది. వీపీఎన్ దాచేది ఈ ఐపీనే, జీపీఎస్‌ని కాదు.

మనకెందుకు?

ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో లొకేషన్‌తో కూడిన ఫోటో హాజరును తప్పనిసరి చేశారు. జీపీఎస్ పనిచేసినా, ఫోటో అప్‌లోడ్ కావడానికి నెట్ కావాలి. సిగ్నల్ లేని చోట కూలీ పని చేసి కూడా హాజరు కోసం పోరాడాల్సి వస్తుంది.

దాడి జరిగిన వాడలో తీసిన ఫోటోలో, కెమెరా లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదవుతుంది. అది సాక్ష్యం కావచ్చు, బాధితుల ఇంటి జాడా కావచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తుంది. కాబట్టి అసలు ఫైలు భద్రపరచాలి, బయటికిచ్చే కాపీలో లొకేషన్ తీసేయాలి.

బెయిల్ ఇస్తూ నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో తన లొకేషన్ పంచుకోవాలని పెట్టిన షరతును సుప్రీంకోర్టు 2024 జూలై 8న కొట్టేసింది. అది 21వ అధికరణం ఇచ్చే గోప్యత హక్కుకు భంగమని చెప్పింది. మీ కేసుల్లో ఇలాంటి షరతు కనిపిస్తే, ఈ తీర్పును న్యాయవాది దృష్టికి తీసుకెళ్లండి.