విరాసత్ హిసాబ్‌కు ఎన్ని స్టెప్పులు?

మా ఆత్మకూరులో విరాసత్ మాట వస్తే పెద్దలు కాగితం, కలం అడుగుతారు. పిల్లలు ఫోన్ తీస్తారు. ఈ రెంటికీ నడుమ ఇంకో జమానా ఉంది, ప్రోగ్రాం రాసుకునే కాలిక్యులేటర్లది.

1975లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎస్‌ఆర్-52ను, 1976లో హ్యూలెట్-ప్యాకార్డ్ హెచ్‌పీ-67ను తెచ్చాయి. రెండింట్లోనూ ప్రోగ్రాంకు జాగా 224 స్టెప్పులే. పైకి బరాబర్. కానీ ఒక్కో స్టెప్పులో ఎంత పని పడుతుందన్నదే అసలు సంగతి. మన హిసాబ్‌తోనే చూద్దాం.

ఒకాయన ఇంతెఖాల్ అయ్యారు. అమ్మానాన్నలు ముందే పోయారు. బీవీ, కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. కఫన్-దఫన్ ఖర్చు, కర్జ్, వసియ్యత్ పోగా మిగిలిన తర్కాలో బీవీకి ఎనిమిదో వంతు. మిగతా దాంట్లో కొడుక్కి రెండు హిస్సాలు, కూతురికి ఒకటి. కూతురి హిస్సా తేలాలంటే తర్కాను 7తో హెచ్చవేసి, 8తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ భాగించాలి. దేనితో? కొడుకుల సంఖ్యను రెట్టింపు చేసి కూతుళ్ల సంఖ్య కలిపితే వచ్చే మొత్తంతో. తర్కా 8 లక్షలు, కొడుకులు ఇద్దరు, కూతుళ్లు ముగ్గురు అనుకోండి: బీవీకి లక్ష, ఒక్కో కూతురికి లక్ష, ఒక్కో కొడుక్కి రెండు లక్షలు.

తర్కా, కొడుకులు, కూతుళ్లు: ఈ మూడు సంఖ్యలూ మెమరీలో ఉన్నాయనుకుని రెండు మిషన్ల పద్ధతిలో రాసి చూశాను. ఎస్‌ఆర్-52కు 20 స్టెప్పులు, హెచ్‌పీ-67కు 11. ఎస్‌ఆర్-52లో మెమరీ నుంచి సంఖ్య తేవాలంటే రీకాల్ మీటకు ఒకటి, గది నంబరులోని రెండంకెలకు రెండు, మొత్తం మూడు స్టెప్పులు. హెచ్‌పీలో అంతా కలిసి ఒక్కటే. అలా ఆరు మిగిలాయి. హెచ్‌పీలో సంఖ్యలు ముందు, గుర్తు తర్వాత. బ్రాకెట్లు రెండూ, ఈక్వల్స్ అక్కర్లేదు. ఇంకో మూడు మిగిలాయి. 1977లో వచ్చిన టీఐ-59లో గది నంబరు ఒకే స్టెప్పులో ఇమిడింది. అదే లెక్క 17కు దిగింది.

ఈ ఇల్మ్ మనకు పరాయిది కాదు. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో అల్-ఖ్వారిజ్మీ రాసిన అల్-జబ్ర్ కితాబ్‌లో పెద్ద భాగం విరాసత్, వసియ్యత్ లెక్కలే. అల్గారిథం అనే మాట ఆయన పేరు నుంచే పుట్టింది.

హెచ్‌పీ ప్రోగ్రాంను ఇంకా కుదించవచ్చు. కూతుళ్ల సంఖ్యను తెచ్చి కలిపే రెండు స్టెప్పులు తీసేస్తే 9 చాలు. మిషన్ అభ్యంతరం చెప్పదు. బీవీ హిస్సా పోగా మిగిలిన తర్కా అంతా కొడుకులకే పంచేస్తుంది. "చెల్లెలు మాఫ్ చేసిందిలే" అని మన ఇళ్లలో జరిగేదీ ఇదే. ఆ రెండు స్టెప్పుల హిసాబ్ ఆఖిరత్‌లో అన్నదమ్ములే చెప్పుకోవాలి.