అద్దె కుంచెలు: అడోబీ చందా విధానం, ఒక నిరసన చరిత్ర

2013 మే 6వ తేదీన లాస్ ఏంజెలస్‌లో జరిగిన తన వార్షిక సమావేశంలో అడోబీ సంస్థ ఒక నిర్ణయాన్ని వెల్లడించింది. ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ వంటి ఉపకరణాల కొత్త కూర్పులను ఇకపై ఒక్కసారి వెల కట్టి కొనుక్కోవడం కుదరదు. అంతకు ముందు సంవత్సరం వచ్చిన క్రియేటివ్ సూట్ 6 ఆ వరుసలో ఆఖరిది. జూన్ 17 నుంచి వచ్చేవన్నీ క్రియేటివ్ క్లౌడ్ అన్న పేరుతో చందాదారులకే అందుతాయి. ఒక ఉపకరణానికి నెలకు 19.99 డాలర్లు, అన్నిటికీ కలిపి 49.99 డాలర్లు, అదీ ఏడాది పాటు కడతామని ఒప్పుకున్నవారికి. ఇందులో మేఘం పేరుకే. ఉపకరణాలు మునుపటిలాగే వాడుకరి కంప్యూటర్లోనే ఉంటాయి, అక్కడే పనిచేస్తాయి. కాకపోతే అవి అప్పుడప్పుడు సంస్థ సర్వరును పలకరించి, చందా ఇంకా నడుస్తోందని రుజువు చేసుకోవాలి. కట్టడం మానేసిన తరవాత అవి పనిచేయవు.

నిరసన వెంటనే మొదలైంది. తప్పనిసరి చందాను ఎత్తివేయాలని కోరిన ఒక వినతిపత్రం మీద ఆ వేసవిలో 30,000 మందికి పైగా సంతకాలు చేశారు. గట్టిగా వినిపించిన గొంతులు ఫోటోగ్రాఫర్లవి, సొంతంగా పని చేసుకునే డిజైనర్లవి, ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చిన్న స్టూడియోలవి. దీన్ని ధర గురించిన గొణుగుడుగా కొట్టిపారేసినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ధర సంగతి నిజమే కాని, అది అందరికీ ఒకే తీరుగా తగల్లేదు.

లెక్క వేసి చూస్తే ఇది తెలుస్తుంది. క్రియేటివ్ సూట్ 6 మాస్టర్ కలెక్షన్ వెల 2,599 డాలర్లు. అన్ని ఉపకరణాలూ వాడే ప్రకటనల సంస్థకు ఏడాదికి 600 డాలర్ల చందా నిజానికి ఊరట. నాలుగేళ్ళ పైచిలుకు చందా కడితేగాని ఆ వెల పూర్తికాదు, ఈలోగా వచ్చే కొత్త కూర్పులన్నీ అదనంగా దొరుకుతాయి. ఫోటోషాప్ ఒక్కటే వాడే మనిషి సంగతి వేరు. అతను ఒకసారి 699 డాలర్లు పెట్టి కొంటాడు, ఆ తరవాత 199 డాలర్లతో కొత్త కూర్పుకు మారతాడు. పాత నియమం ప్రకారం మూడు కూర్పుల వెనకవున్న వాడుకరి కూడా ఆ తక్కువ ధరకు అర్హుడే. అంటే 2007లో క్రియేటివ్ సూట్ 3 కొన్నవాడు మధ్యలో వచ్చినవాటిని వదిలేసి, 2012లో 199 డాలర్లతో ఆరవ కూర్పు అందుకోవచ్చు. ఆ ఐదేళ్ళకు అతని ఖర్చు 199 డాలర్లు. చందా పద్ధతిలో అదే ఐదేళ్ళకు దాదాపు 1,200.

సంస్థకు ఈ లెక్క తెలియక కాదు. 2011 నవంబరులోనే అది ఆ మూడు కూర్పుల వెసులుబాటును తొలగించి, రాబోయే ఆరవ కూర్పుకు తగ్గింపు ధర ఐదో కూర్పు ఉన్నవారికే అని ప్రకటించింది. ఫోటోషాప్ బోధకుడుగా పేరున్న స్కాట్ కెల్బీ సంస్థకు బహిరంగ లేఖ రాశాడు. సంస్థకు శత్రువు కాదు సరికదా, ఆ ఉపకరణాన్ని వేలమందికి నేర్పిన మనిషి. 2012 జనవరిలో అడోబీ కొంత వెనక్కి తగ్గి, మూడు, నాలుగు కూర్పుల వారికి ఆ ఏడాది చివరిదాకా గడువిచ్చింది. ఏణ్ణర్ధం తరవాత లేచిన తుఫానుకు ఇది తొలి గాలి. ఎదురుతిరిగితే సంస్థ వింటుందన్న నమ్మకం వాడుకరులకు ఇక్కడే కలిగింది. 2013లో వాళ్ళు అంత గట్టిగా అరవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

అద్దెకిచ్చి అమ్మకపోవడం అమెరికా పరిశ్రమకు కొత్త కాదు. 1899లో మసాచుసెట్స్ కేంద్రంగా ఏర్పడిన యునైటెడ్ షూ మెషినరీ సంస్థ చెప్పులు కుట్టే ముఖ్యమైన యంత్రాలను అమ్మేది కాదు, అద్దెకు మాత్రమే ఇచ్చేది. మరమ్మతు ఖర్చు అద్దెలోనే కలిసి ఉండేది. పెట్టుబడి లేని చిన్న తయారీదారుకు ఇది వరమే. అతను యంత్రం కొనలేడు, అద్దె కట్టగలడు. ఈ వాదన అక్షరం పొల్లుపోకుండా 2013లో మళ్ళీ వినిపించింది. 1953లో జడ్జి వైజాన్‌స్కీ ఆ వ్యవహారానికి రెండోవైపు చూశాడు. దీర్ఘకాలపు అద్దె ఒప్పందాలు పోటీదారును గడప తొక్కనివ్వడం లేదని, అమ్మకమే లేనిచోట పాత యంత్రాల సంత కూడా పుట్టదని గుర్తించి, అద్దెకిచ్చే యంత్రాలను అమ్మకానికి కూడా పెట్టాలని ఆదేశించాడు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. 1956లో ఐబీఎమ్ సంస్థ కూడా ప్రభుత్వంతో కుదిరిన రాజీలో తన లెక్కల యంత్రాలను అద్దెకే కాక అమ్మకానికీ ఇవ్వడానికి ఒప్పుకుంది.

పాత సరుకు ఎందుకంత భయపెడుతుంది? ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1972లో రాసిన ఒక చిన్న వ్యాసంలో దీనికి జవాబు ఉంది. చిరకాలం మన్నే వస్తువును అమ్మే గుత్తసంస్థ, నిన్న తాను అమ్మిన సరుకుతోనే నేడు పోటీ పడవలసి వస్తుంది. అద్దెకిస్తే ఆ బెడద ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు తుప్పు పట్టదు, పళ్ళచక్రాలు అరగవు. 2010 నాటి ఫోటోషాప్‌తో పెళ్ళి ఫోటోలు దిద్దేవాడికి 2012 నాటిది లేకపోయినా పూట గడుస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్, సినిమా చిత్రణల సంస్థలో పనిచేస్తున్న అతని తమ్ముడు జాన్ కలిసి రూపొందించిన ఈ ఉపకరణం 1990 ఫిబ్రవరిలో బజారులోకి వచ్చింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి దానికి అతి పెద్ద పోటీదారు దాని పాత కూర్పే అయింది.

పెట్టెలో కొన్నది మాత్రం సొంతమా? చట్టం దీనికి సూటిగా జవాబు చెప్పలేదు. 2001లో కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ కోర్టు, సాఫ్ట్‌మన్ అనే చిల్లర వ్యాపారితో అడోబీకి వచ్చిన తగాదాలో, పెట్టె చేతులు మారితే అది అమ్మకమేనని అంది. 2010లో ఆటోడెస్క్ వ్యాజ్యంలో అప్పీళ్ళ కోర్టు, లైసెన్సు షరతులున్న చోట కొన్నవాడు యజమాని కాడు, అనుమతి పొందినవాడు మాత్రమేనని తేల్చింది. 2013 జనవరిలో ఇంకో వింత జరిగింది. క్రియేటివ్ సూట్ 2ను ధ్రువీకరించే పాత సర్వర్లను అడోబీ మూసేసింది. కొన్నవారు ఇబ్బంది పడకుండా, ధ్రువీకరణ అక్కర్లేని ప్రతులను తన సైటులో ఉంచింది. ఉచితంగా పంచుతున్నారనుకుని జనం ఎగబడ్డారు. కొన్న సరుకు సైతం అమ్మినవాడి సర్వరు ఊపిరి మీద ఆధారపడి ఉందన్న సంగతి ఆ హడావిడిలో మరుగునపడిపోయింది.

నిరసనలోని అసలు బాధ ఇక్కడుంది. ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టిన పుస్తకం ఇన్‌డిజైన్‌లోనే సవ్యంగా తెరుచుకుంటుంది. ఇరవై ఏళ్ళ చేతిపని ఆ ఫైళ్ళలో ఉంది. పాత ఏర్పాటులో, కొత్తవి కొనడం మానేసినా, పదవీవిరమణ చేసినా, వ్యాపారం దెబ్బతిన్నా, బీరువాలో డిస్కు ఉన్నంతకాలం ఆ పనిని మళ్ళీ తెరిచి దిద్దుకోవచ్చు. చందా పద్ధతిలో తన పనిని తాను తెరవడానికి సుంకం కట్టాలి. ఒకసారి వేసుకుంటే నయమయ్యే మందుకూ, జీవితాంతం మింగవలసిన మాత్రకూ ఉన్నంత తేడా ఇది. రెండోదానికీ న్యాయం ఉండవచ్చు, కాని ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి.

సంస్థ ఈసారి వెనక్కి పోలేదు, పక్కకు జరిగింది. 2013 సెప్టెంబరులో, పాత కూర్పులు ఉన్న ఫోటోగ్రాఫర్లకు ఫోటోషాప్, లైట్‌రూమ్ రెండూ కలిపి నెలకు 9.99 డాలర్లకు ఇస్తామంది. 2014లో దాన్ని అందరికీ స్థిరపరచింది. తెలివైన ఎత్తు. అందరికంటే గట్టిగా అరుస్తున్నవారికి సగం ధర దొరికింది, అరుపు చాలావరకు సద్దుమణిగింది. ఒక్క ఇల్లస్ట్రేటరో, ఒక్క ఇన్‌డిజైనో వాడే చిన్న మనిషికి అలాంటిదేమీ దక్కలేదు. అంతమంది కలిసి అరిచినా రాయితీ ఒక వర్గానికే రావడాన్ని ఈ చరిత్ర రాసేవారు తరచుగా మరిచిపోతారు.

భయాల్లో కొన్ని నిజమయ్యాయి కూడా. 2013 అక్టోబరులో అడోబీ ఖాతాల వివరాలు దొంగలపాలయ్యాయి. మొదట 29 లక్షలమందివి అన్నారు, తరవాత ఆ సంఖ్య 3 కోట్ల 80 లక్షలకు చేరింది. 2014 మేలో లాగిన్ వ్యవస్థ ఒక రోజుకు పైగా స్తంభించింది. 2019 అక్టోబరులో వచ్చిన దెబ్బ వేరు రకం: వెనిజువెలా మీద అమెరికా ఆంక్షల కారణంగా ఆ దేశంలోని ఖాతాలన్నీ మూసేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది, మొదట కట్టిన సొమ్ము కూడా తిరిగిరాదంది. నెల తిరక్కుండానే ప్రభుత్వ అనుమతి సంపాదించి నిర్ణయాన్ని మార్చుకున్నమాట వాస్తవం. అయినా ఆ కొద్ది వారాలూ కారకస్‌లోని డిజైనరు బతుకుతెరువు వాషింగ్టన్‌లోని ఒక సంతకం మీద వేలాడింది. బీరువాలోని డిస్కుకు అలాంటి గండం లేదు.

ఈ కథలో తెలుగువారికి రెండు వైపులా చోటుంది. ఆ నిర్ణయం తీసుకున్న అధిపతి హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్. రెండోవైపు, తెలుగు ముద్రణ చాలాకాలం పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద నడిచింది. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 2001 నాటిది. అమ్మకం ఆగినా అభివృద్ధి ఆగినా, విజయవాడ, హైదరాబాదు డి.టి.పి. కేంద్రాలలో అది ఏళ్ళ తరబడి పత్రికలనూ పుస్తకాలనూ మోసింది. అందులో కొన్న ప్రతులెన్ని, కాపీ చేసినవెన్ని అన్నది వేరే ప్రశ్న. చందా విధానానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణమే. యూనికోడ్ తెలుగును సరిగా కూర్చే సదుపాయం ఇన్‌డిజైన్‌లోకి అధికారికంగా వచ్చింది 2012 నాటి ఆరవ కూర్పుతో, అంటే కొనుక్కోగలిగిన ఆఖరి కూర్పుతో. పాత ఫాంట్లను వదిలి యూనికోడ్‌కు మారవలసిన వేళకు, పనిముట్టును సొంతం చేసుకునే దారి మూసుకుపోయింది.

వ్యాపారంగా ఇది గెలిచిందనడంలో సందేహం లేదు. మొదటి ఏడాది దెబ్బ తగిలింది: 2012లో 83 కోట్ల డాలర్లున్న నికరలాభం 2013లో 29 కోట్లకు పడిపోయింది. ఆదాయం మాత్రం అప్పటి 440 కోట్ల నుంచి 2023 నాటికి 1,940 కోట్లకు చేరింది. ఆటోడెస్క్ 2016లో అదే బాట పట్టింది. ఒక్కసారి వెల తీసుకుని అమ్ముతామంటూ 2014లో అఫినిటీ ఉపకరణాలతో ముందుకొచ్చిన బ్రిటన్ సంస్థ సెరిఫ్‌ను 2024లో కాన్వా కొనేసింది. చందా రుద్దబోమని ఆ సందర్భంలో వాడుకరులకు మాట ఇవ్వవలసి వచ్చింది. పదేళ్ళ కిందటి కోపం చల్లారలేదని ఆ మాటే చెబుతోంది.

అదే 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తరఫున న్యాయశాఖ కాలిఫోర్నియా కోర్టులో అడోబీ మీద దావా వేసింది. నెలనెలా కట్టేదిగా కనిపించే పథకం నిజానికి ఏడాది ఒప్పందమని, మొదటి ఏడాది మధ్యలో మానుకుంటే మిగిలిన సొమ్ములో సగం చెల్లించాలన్న షరతును స్పష్టంగా చూపలేదని, మానుకునే దారిని కూడా కష్టతరం చేశారని ఆరోపణ. సంస్థ ఈ ఆరోపణలను ఖండించింది. దావా సంగతి వెల్లడైన తేదీ జూన్ 17. సరిగ్గా పదకొండేళ్ళ కిందట, అదే తేదీన, క్రియేటివ్ క్లౌడ్ ఉపకరణాలు చందాదారులకు మొదటిసారి అందాయి.