రీస్టార్ట్: పాతకాలపు అశక్తతా, అలవాటా?

సెట్టింగు మార్చగానే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయమనడం పాత యంత్రాల చేతకానితనమనీ, సాంకేతికత ఎదిగేకొద్దీ ఆ అవసరం తగ్గిందనీ చాలామంది చెబుతారు. సంవత్సరాలను వరసలో పెట్టి చూస్తే ఆ కథ నిలవదు.

1965లో అమెరికాలో బెల్ సంస్థ ప్రవేశపెట్టిన 1ఇఎస్ఎస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి 40 ఏళ్లలో రెండు గంటలకు మించి ఆగకూడదన్న లక్ష్యంతో తయారైంది. ఎం.ఐ.టి., జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి ఆ దశకంలోనే మొదలుపెట్టిన మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో జనం పని చేసుకుంటుండగానే ప్రాసెసర్లను, మెమరీని విడదీసి మళ్లీ కలిపేవారు. ఆ పద్ధతి మీద రోజర్ షెల్ 1971లో సిద్ధాంత గ్రంథం రాశారు. ఆపకుండా మార్చే విద్య ముందే ఉంది. ఇంటింటికీ రీస్టార్ట్ అలవాటైంది ఆ తర్వాతే.

ఆ అలవాటు పర్సనల్ కంప్యూటర్‌తో వచ్చింది. 1983 నాటి డాస్ 2.0లో ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవవచ్చు, ఏ డ్రైవర్లు ఎక్కాలి అన్నవి కాన్ఫిగ్.సిస్ ఫైలులో ఉండేవి. యంత్రం లేచేటప్పుడు దాన్ని ఒక్కసారే చదివేది. మెమరీ తక్కువ కాబట్టి తప్పలేదంటారు. కొంతవరకు నిజమే: కేటాయింపులు మొదట్లోనే జరిగిపోవాలి. అయితే అదే డాస్‌లో పాత్ (ప్రోగ్రాంలను వెతికే ఫోల్డర్ల జాబితా) మారిస్తే వెంటనే అమలయ్యేది. విండోస్ 3.1లో రంగులో, తేదీ రూపమో మారిస్తే, ఆ మార్పు కబురు తెరిచి ఉన్న విండోలన్నిటికీ చేరేది. కబురు వినేలా రాసిన చోట రీస్టార్ట్ అక్కర్లేకపోయింది.

మెమరీ వాదాన్ని విండోస్ 95 మరింత బలహీనం చేస్తుంది. మెమరీ పెరిగినా, ఐపీ అడ్రస్ మారిస్తే రీస్టార్ట్ చేయమనేది. విండోస్ 2000లో ఆ అవసరం పోయింది. ఈ తేడా హార్డ్‌వేర్ తెచ్చింది కాదు. నడుస్తుండగానే కొత్త విలువను స్వీకరించేలా నెట్‌వర్క్ భాగాలను రాయడం వల్ల వచ్చింది.

రీస్టార్ట్ అడగడానికి రెండో కారణం ఫైళ్లది. విండోస్‌లో వాడుకలో ఉన్న ప్రోగ్రాం ఫైలును చెరిపి కొత్తది పెట్టనివ్వరు. ఆ పనిని మళ్లీ లేచేటప్పటికి వాయిదా వేస్తారు. విండోస్ ఎన్‌టీలో పాత ఫైలు పేరు మార్చి పక్కన పెట్టే వీలుంది గనుక ఇదీ పూర్తి నిర్బంధం కాదు. యూనిక్స్‌లో పాత ఫైలును తీసేసినా, దాన్ని తెరిచిన ప్రోగ్రాం సాగిపోతుంది. అలాగని యూనిక్స్‌ను ఆదర్శంగా నిలబెట్టలేం. అందులోనూ ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య వంటివి మార్చాలంటే వ్యవస్థకు మూలమైన కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేసి, యంత్రాన్ని మళ్లీ లేపాల్సిన కాలం చాలానే నడిచింది. 1993లో 4.4బీఎస్‌డీ అనే యూనిక్స్ రూపం తెచ్చిన సిస్‌సీటీఎల్‌తో కెర్నెల్ విలువలను నడుస్తుండగానే మార్చే క్రమమైన మార్గం ఏర్పడింది. కొద్ది ఏళ్లలో లైనక్స్ కూడా దాన్ని అందుకుంది.

ఆ తర్వాత విలువలే కాదు, కోడ్ కూడా నడుస్తుండగానే మారింది. 2008లో కేస్ప్లైస్ అనే సాధనం నడుస్తున్న కెర్నెల్ కోడ్‌కే ప్యాచ్ వేసి చూపింది. 2015లో లైనక్స్ 4.0 అలాంటి సదుపాయాన్ని తనలో కలుపుకుంది.

దీన్ని విజయగాథగా ముగించడానికి నాకు మనసొప్పదు. సిస్‌సీటీఎల్‌తో మార్చిన విలువ మెమరీలోనే ఉంటుంది. ఫైలులో రాయకపోతే రీస్టార్ట్‌తో పోతుంది. నెలల తరబడి నడిచిన సర్వర్‌లో ఎవరో ఎప్పుడో చేసిన మార్పు, కరెంటు పోయి వచ్చిన రోజున మాయమవుతుంది. 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే భద్రతా లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు ఇంకో చిక్కు కనిపించింది. ఆ లైబ్రరీని డిస్కులో మార్చినంత మాత్రాన పని కాలేదు. అప్పటికే నడుస్తున్న సర్వీసులు మెమరీలోని పాత కోడ్‌తోనే సాగాయి. వాటిని ఆపి మళ్లీ మొదలుపెట్టాకే రక్షణ దక్కింది.

కాబట్టి ఎన్నాళ్లుగా ఆగలేదన్న లెక్క ఒక్కటీ చూసి గర్వపడకూడదు. నడుస్తున్న స్థితీ రాసి ఉన్న స్థితీ ఒకటేనా అని అడగాలి. చాలా వ్యవస్థలు ఈ ప్రశ్నకు ఇప్పటికీ సూటిగా జవాబివ్వవు. అవి ఇవ్వగలిగేదాకా, వీలు చూసుకుని మనమే చేసే రీస్టార్ట్‌ను వెనకబాటుగా కాక అవసరమైన పరీక్షగా చూడాలి.