రెండు జెండాల యానాము, రహీము గారి ఆట

1960 ఆగస్టు 29వ తేదీని, ఇటలీ దేశమందలి గ్రొసెట్టో పట్టణములో, రోము ఒలింపిక్ క్రీడలలో భాగముగా భారతదేశమునకును ఫ్రాన్సునకును జరిగిన ఫుట్‌బాల్ పందెము చెరియొక గోలుతో సమముగా ముగిసినది. మన జట్టు నాయకుడు పి.కె. బెనర్జీ ముందు గోలు చేసెను. ఆట ముగియుటకు కొలది నిమిషములే మిగిలియుండగా ఫ్రెంచివారు దానిని సరిచేసిరి. దేశమందలి తక్కిన యూళ్లవారికి ఇది చేతికంది జారిపోయిన విజయము. కాని గౌతమీ గోదావరి యొడ్డున, యానాము పరిధిలోని మా ఫరంపేటవంటి పేటలో నివసించువానికి మాత్రము ఇందొక ధర్మసందేహము కలదు: ఆనాడు అతడు ఏ జట్టువాడు?

ఇది పరిహాసము కాదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారు మున్నగువారి నాయకత్వమున యానాములో ఫ్రెంచి పరిపాలన అంతరించినది. అదే సంవత్సరము నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాలు, మాహేలతోపాటు యానాము పాలనాధికారమును భారత ప్రభుత్వము చేపట్టినది. 1956 మే 28న స్వాధీనపు సంధిపై ఉభయ ప్రభుత్వములును సంతకములు చేసినవి. ఐనను ఫ్రెంచి పార్లమెంటు ఆ సంధిని ఆమోదింపక, అల్జీరియా యుద్ధపు చిక్కులలో మునిగి, ఏండ్లకొలది కాలయాపన చేసినందున, 1962 ఆగస్టు 16వ తేదీవఱకు యానాము అనుభవమున భారతదేశపుదియు, శాసనదృష్టిలో ఫ్రాన్సుదియునై యుండెను. పోలీసు మనవాడు, పన్ను మనది, తపాలా మనది. గ్రంథస్థమైన సార్వభౌమత్వము మాత్రము పారిసులో దాచబడియున్నది. కావున గ్రొసెట్టోలో గెలుపు ఎవరిదైనను ఫరంపేటవాడు ఒక చెంప నవ్వి ఒక చెంప యేడ్వవలసినదే. సమమైన ఆట ఒక్కటే వానికి తగిన తీర్పు.

ఈ యెనిమిదేండ్ల ద్వంద్వస్థితియే తెలుగుదేశపు ఫుట్‌బాలునకు స్వర్ణయుగమగుట కాకతాళీయము. ఒకదానికొకటి కారణము కాదు, సరిగదా, నాటి యానాములో ఈ ఫుట్‌బాలు వైభవము నెఱిగినవారు ఎందఱుండిరో చెప్పుట కష్టము. అయినను చరిత్రను వ్రాయువానికి ఇట్టి కలయికలు ఒక దారిబత్తెము. వానిని పట్టుకొని కొంతదూరము నడువవచ్చును.

హైదరాబాదు సంస్థానమును భారతదేశములో కలిపిన చర్య 1948 సెప్టెంబరులో జరిగినది. దానికి పోలీసు చర్య యని పేరు. రెండేండ్లకు, 1950లో, హైదరాబాదు నగరపు పోలీసుల జట్టు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచి, 1954 వఱకు వరుసగా అయిదేండ్లు దానిని మఱియొకరికి దక్కనీయలేదు. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు తుదిపోరున కలకత్తా మోహన్ బగాన్‌తో తలపడి, రెండేసి గోళ్లతో సమమైన పిదప, మఱల జరిగిన పందెములో ఒక గోలుతో గెలిచినది. 1954లో రోవర్స్ కప్పును, డ్యూరాండ్ కప్పును రెంటిని గైకొన్న యా జట్టు, 1956లో రాష్ట్రము మాఱిన తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయి, 1961లో డ్యూరాండును మఱల మోహన్ బగాన్ నుండియే లాగికొన్నది. ఫుట్‌బాలు తమ సొంత సొత్తని నమ్మిన కలకత్తావారికి ఈ దక్కను పోలీసులు కలిగించిన గర్వభంగము సామాన్యము కాదు. 1956-57, 1957-58 సంవత్సరములలో రాష్ట్రముల జట్లు పోటీపడు సంతోష్ ట్రోఫీ కూడ హైదరాబాదునకే దక్కినది.

దీని వెనుక నున్నవాడు ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీము 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, ఆ కళాశాల జట్టులో ఆడి, పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943 మొదలు మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. అతనిని అందఱును రహీము సాహెబు అనిరి. విద్యార్థి దశలో నేర్చిన యాటను విద్యగా బోధింపవచ్చునని గ్రహించిన మొదటి భారతీయులలో ఇతడొకడు. ఆనాటి మన ఆటగాండ్రు, మైదానమున బంతి దొరకినదే తడవుగా, దానిని కాలికి కట్టికొన్నట్లు ముగ్గురిని నలుగురిని తప్పించుకొనుచు పరుగెత్తి, చూపఱుల చప్పట్లు పొంది, చివరకు అయిదవవానికి దానిని సమర్పించుకొనుటయే గొప్పతనమని తలచువారు. రహీము ఈ వ్యసనమునకు పథ్యము విధించెను. డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలను పిల్లలకు పెట్టెను: బంతి వచ్చుట, పోవుట, అంతే. మఱికొన్ని పోటీలలో బలహీనమైన కాలితోనే తన్నవలెనని నియమము. కుడికాలి వీరులు ఎడమకాలితో తడబడుచు రెండుకాళ్లవారైరి. ఒకే తాకుడున బంతిని తోటివానికందించి, తాను ఖాళీచోటికి పోయి నిలుచుట యతని మూలసూత్రము. నేడు ఐరోపా శిక్షణాలయములు ఘనముగా చెప్పుకొను పాఠములలో సగము, చాదర్‌ఘాటు పంతులుగారు పిల్లలచేత వల్లెవేయించినవే యనిన అతిశయోక్తి కాజాలదు.

1952లో హెల్సింకి ఒలింపిక్సులో మనవారు యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా పరాభూతులైరి. చలిదేశములో, పలువురు బూట్లు లేక, వట్టికాళ్లతో ఆడిరి. ఆ యవమానము తరువాతనే బూట్లు తప్పనిసరియయ్యెను. కాని భారత జట్టు శిక్షకుడైన రహీము చూపు పాదరక్షలకంటె లోతునకు పోయినది. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీ మైదానమున ఇంగ్లాండును 6-3 గోళ్లతో మట్టికరపించినప్పుడు, సెంటర్ ఫార్వర్డు హిదెకుటి గోలుముంగిట నిలువక వెనుకకు జరిగి, తన్ను కాయవలసిన సెంటర్‌హాఫ్ దిక్కుతోచక నిలువగా, తాను నడుమనుండి ఆట నల్లెనని లోకమంతయు చెప్పుకొన్నది. లోకము చెప్పుకొనుటతో సరిపెట్టుకొన్నది. రహీము దానిని 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో ప్రయోగించెను. హంగరీ విరమించుకొనుటచే మొదటి పందెము ఆడకయే దాటి, డిసెంబరు 1న ఆతిథేయియైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిరి. ఆ నాలుగింట మూడు నెవిల్ డిసౌజావి. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు చేసియు 4-1తో ఓడిరి, కాంస్యపు పోరున బల్గేరియాకు తలవంచిరి. ఒలింపిక్ ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, తంగరాజు, బలరాము, జుల్ఫికరుద్దీను మున్నగు హైదరాబాదు వారు ఆ జట్టున ఉండిరి.

ఆట నల్లువాడు ఒక్కడా, జట్టంతయునా అను ప్రశ్నకై ఇచట అమెరికా ప్రసంగము కొంత తెచ్చెదను, క్షంతవ్యుడను. టెక్సాసు మొదలగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు ఫుట్‌బాలని చెప్పునది వేఱొక ఆట; కోలబంతిని చేతితో విసరెదరు, భుజకవచములు ధరించి ఒండొరులను క్రుమ్మెదరు. అచట కళాశాలల జట్లకు లక్షమంది ప్రేక్షకులు కూర్చుండు మైదానములు కలవు. తమ కళాశాల జాతీయ ఛాంపియన్‌షిప్పు చేరినప్పుడు ఊరికి ఊరే యేకముఖమగును. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ జరిగిన పందెమును వారు తమ యాటకు ఆదిగా చెప్పుదురు. వాల్టర్ క్యాంపు అను యేల్ పట్టభద్రుడు 1880 ప్రాంతమున నియమములను సంస్కరించుటచే క్వార్టర్‌బ్యాక్ అను స్థానము స్థిరపడెను. 1906లో బంతిని ముందుకు విసరుటకు అనుమతి కలిగిన పిమ్మట అతడే ఆటకు కర్త, కర్మ, క్రియ. బంతి వాని చేతికి వచ్చును, మూడు నాలుగు క్షణములలో వాడు మైదానమంతయు చదివి విసరవలెను. కనుక అచటి అభిమానుల సంభాషణయంతయు ఒకే ప్రశ్నచుట్టు తిరుగును: ఈయేడు పట్టభద్రుడగు కుఱ్ఱలలో ఎవడు మేటి క్వార్టర్‌బ్యాకు కాగలడు? వాని భుజబలమెంత, నిబ్బరమెంత, పెద్దలీగునకు పోయిన నిలుచునా, చెడునా? జ్యోతిష్కులు సైతము ఇంత సూక్ష్మముగా జాతకములు పరిశీలింపరు.

మన అభిమానులు వేఱు జాతివారు కారు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో చాయి చల్లారుచుండగా జరిగిన వాదములును ఇట్టివే: ఫలానా బడిపిల్లవాడు నూర్ మహమ్మదు వంటి హాఫ్‌బ్యాకు కాగలడా, ఫలానా వింగరునకు కలకత్తావారు కబురంపిరట నిజమా? రహీము పద్ధతి ఈ ప్రశ్నకే ఎదురు. బంతిని ఒక్కని కాలియందు నిలుపవద్దని బోధించినవాడు, ఒక్కని నుదుట జట్టు వ్రాతను వ్రాయుట కొప్పుకొనునా? ఆతని జట్టులో ఆట నల్లుపని పదునొకండుగురిది. నా యభిప్రాయమున ఇదియే యతని నిజమైన విప్లవము. వెనుకకు జరిగిన సెంటర్ ఫార్వర్డు దాని కొక ఉదాహరణ మాత్రమే. అయితే అభిమానికి సమష్టిపై మమకారము కలుగదు, వానికి వీరుడు కావలెను. ఈ విరోధము నేటికిని తీఱలేదు.

1962 ఆగస్టు 16న యానాము శాసనప్రకారము భారతదేశములో లీనమైనది. పందొమ్మిది దినములు గడచెను. సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపందెము. ఇజ్రాయెలును తైవానును క్రీడలకు రానీయకుండుటను భారత ప్రతినిధి సోంధీ విమర్శించినందున ఆ నగరము మనపై మండిపడుచుండెను. ప్రేక్షకులు మన జాతీయగీతమును సైతము అల్లరిలో ముంచిరి. ఎదుట దక్షిణ కొరియా, మొదటి పందెములోనే మనలను 2-0తో ఓడించిన జట్టు. రహీము అప్పటికే రోగగ్రస్తుడు. అతడు తీసికొన్న నిర్ణయములు రెండు, రెండును సాహసములే. సెమీఫైనలునాటి గోల్‌కీపరును ప్రక్కకు పెట్టి, హైదరాబాదులో పుట్టిన ఆజానుబాహువు పీటర్ తంగరాజును నిలిపెను. కొరియావారి గాలిబంతులకు ఎత్తరియే మందని యతని లెక్క. తలకు గాయమై కుట్లుపడిన జర్నయిల్ సింగును, సహజముగ వెనుకవరుసలో కోటగోడవంటి వానిని, సెమీఫైనలునందువలెనే ముందువరుసలో ఆడించెను. బెనర్జీ యొకటి, ఆ జర్నయిల్ సింగే యొకటి గోళ్లు చేసిరి. 2-1తో స్వర్ణము మనదైనది. 1951లో ఢిల్లీలో ఇరానును ఓడించి పొందిన స్వర్ణమునకు ఇది తోబుట్టువు. మూడవది పుట్టలేదు. ఫరంపేటవాడు ఏ సంకోచమును లేక, రెండవ చెంప బాధ లేక, తనదని చెప్పుకొనదగిన మొట్టమొదటి పెద్ద విజయమిది. చెప్పుకొన్నాడో లేదో వేఱు మాట.

1963 జూన్ 11న క్యాన్సరుచే రహీము మరణించెను. ఆంధ్రప్రదేశము 1965-66లో సంతోష్ ట్రోఫీని గెలిచినది; అటుపిమ్మట క్షీణదశ. హబీబు, నయీముద్దీను మొదలగు మేటి యువకులు కలకత్తా క్లబ్బుల కేగిరి. పోలీసు ఉద్యోగపు జీతమునకును, కలకత్తా కీర్తికిని తూకమేసినచో ముల్లు ఎటు మొగ్గునో చెప్పనక్కఱలేదు. వారిని నిందించుట న్యాయము కాదు. నయీముద్దీను నాయకత్వమున, హబీబు తోడుగా, 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో భారతదేశము కాంస్యము పొందినది. కాని పిల్లల పోటీలను నడుపు పంతులు మఱి దొరకలేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలతో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినప్పుడు, గోల్‌కీపరు కట్టిమని మూడు తన్నులను ఆపెను. తుదిజట్టులో హైదరాబాదు గల్లీలలో ఆట నేర్చినవాడు ఒక్కడును లేడు.

అదే సంవత్సరము డిసెంబరులో ఖతారునందు ఫ్రాన్సు, అర్జెంటీనాల తుదిపోరు నడచినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొన్న కుటుంబములు నేటికిని గల యానాములో ఫ్రాన్సు పక్షమునకు మాటసాయము కొదువలేదు. ఎంబాపే మూడు గోళ్లు చేసియు ఓడినందుకు విచారించినవారు, 1960లో తమవారిని నిలువరించిన జట్టు ఒకటి యుండెననియు, అందు ఒక తెలుగునేలవాడు ఉండెననియు ఎఱుగుదురో లేదో.

ఆతడు తులసీదాస్ బలరాము. 1936లో సికింద్రాబాదు దగ్గఱి అమ్ముగూడలో పేదకుటుంబమున జన్మించెను. శిక్షణకు వచ్చుటకు సైకిలు బాడుగ సైతము లేనివానికి రహీము తన జేబునుండి ఇచ్చెనని ప్రసిద్ధి. రోములో హంగరీపైనను పెరూపైనను గోళ్లు చేసెను. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాము అని ముగ్గురిని కలిపి చెప్పుట పరిపాటి. ఆ ముగ్గురిలో ఆట నల్లినవాడెవడని నన్నడిగిన బలరామనియే చెప్పెదను: ఎడమప్రక్క, కుడిప్రక్క, నడుమ ఎచట నిలిపినను వెనుకకు వచ్చి బంతిని తెచ్చి తోటివారి కందించినవాడు, రహీము పాఠమును అక్షరాల ఆచరించినవాడు. అనారోగ్యముచే 1963లోనే, ఇరువదియేడేండ్లైనను దాటకయే, ఆట విడిచెను. తోటివారిరువురకు పద్మశ్రీ లభించినది. ఇతనికి 1962 నాటి అర్జున పురస్కారముతోనే సరి. బెంగాలునందే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసెను. చునీ పక్షమువారు నాతో వాదింపవచ్చును, వాదించుచునే యున్నారు. గోల్‌ముంగిట చునీ చేసిన గోళ్ల లెక్క చెప్పెదరు. ఆ బంతి నంపినదెవరో అడిగినప్పుడు మాత్రము చాయి త్రాగుటకు మొదలుపెట్టుదురు.