కార్బిక్యులా అనోమియాయిడెస్

కార్బిక్యులా అనోమియాయిడెస్ ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, పోసో సరస్సులో మాత్రమే ఉండే చిన్న మంచినీటి గుల్ల. జీవితాంతం గట్టి ఆధారాన్ని అంటిపెట్టుకుని బతికే జీవి ఇది. తన కుటుంబంలో అలా బతుకుతుందని తెలిసిన మొదటి జాతి కూడా ఇదే.

కార్బిక్యులా ప్రజాతి గుల్లలు సాధారణంగా ఇసుకలోనో మెత్తని బురదలోనో ఉంటాయి. వాటి రెండు చిప్పలూ సమానంగా, ఇంచుమించు త్రికోణాకారంలో, పైన వరుస గీతలతో ఉంటాయి. కండగల పాదంతో అడుగును తవ్వుకుంటూ లోపలికి దిగుతాయి. పోసో గుల్ల తీరు వేరు. దాని ఒక చిప్ప ఆధారానికి గట్టిగా అతుక్కుపోతుంది, రెండోది మూతలా పైన ఉంటుంది. ఆధారం ఎగుడుదిగుడుగా ఉంటే చిప్ప కూడా ఆ వంపునే పట్టి పెరుగుతుంది. అందుకే ఏ రెండు గుల్లల ఆకారమూ ఒకేలా ఉండదు. చూస్తే సముద్రపు ఆల్చిప్ప అనిపిస్తుంది.

స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్తలు పాల్ సారసిన్, ఫ్రిట్జ్ సారసిన్ ఇదే సరస్సు నుంచి కార్బిక్యులా పోసోయెన్సిస్ అనే గుల్లను 1898లో వర్ణించారు. అతుక్కునే గుల్లను ఆర్థర్ బోగన్, ఫిలిప్ బూషే 1998లో గానీ వర్ణించలేదు. దాని రూపం అంత విలక్షణంగా ఉండడంతో వారు పోసోస్ట్రియా అనే కొత్త ప్రజాతినే ఏర్పరిచారు. థామస్ ఫాన్ రింటెలెన్, మథియాస్ గ్లాబ్రెక్ట్ 2006లో ప్రచురించిన డీఎన్‌ఏ అధ్యయనంతో ఆ విభజన నిలవలేదు. ఇది కార్బిక్యులా వంశంలోదేననీ, అతుక్కునే లక్షణం ఈ సరస్సులోనే వేగంగా రూపుదిద్దుకుందనీ తేలింది. ఈ గుల్లకున్న అసలు ప్రాముఖ్యం అదే.

పోసో సరస్సు విస్తీర్ణం సుమారు 320 చదరపు కిలోమీటర్లు, లోతు వందల మీటర్లు. ఈ గుల్ల లోకం అంతే. దీని సమీప బంధువైన కార్బిక్యులా ఫ్లూమినియా అలా కాదు, అది 1938 నాటికే అమెరికాలోని కొలంబియా నదికి చేరి, ఆ తర్వాత ఖండమంతా వ్యాపించింది. తనంతట తానే ఫలదీకరణం చేసుకోగలదు కాబట్టి కొత్త చోట దాని సంతతి మొదలవడానికి ఒక్క గుల్ల చాలు. పోసో గుల్లకు మాత్రం ఈ సరస్సు తప్ప మరో చోటు లేదు. రాయిమీద పూడిక పేరుకున్నా, నీటిమట్టం పడిపోయినా, ఎదిగిన గుల్ల లేచి వేరే చోటికి వెళ్లలేదు. బయటినుంచి తెచ్చి వదిలిన చేపలు, పోసో నదిపై జలవిద్యుత్ నిర్మాణాలు సరస్సు సహజ స్థితిని మారుస్తున్నాయి. ఇలాంటి జాతికి అది చిన్న ప్రమాదం కాదు.

మంచినీటిలో ఇలా అతుక్కుని బతికే గుల్లలు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో కూడా ఉన్నాయి. మన దేశంలో కర్ణాటకలోని తుంగ, భద్ర నదుల్లో ఉండే సూడోముల్లేరియా డాలీ ఆ కోవలోదే. ఇవన్నీ మంచినీటి ముత్యపుచిప్పల వర్గానికి చెందినవి. పోసో గుల్లతో వాటికి దగ్గరి చుట్టరికం లేదు.